సైకిలెక్కిన పంచె

లాజరు పంతులుకి సైకిలు తొక్కడం మూడు రోజుల్లో వచ్చేసింది. సైకిలు మీద ఏం కట్టుకోవాలో తెలియడానికి మాత్రం నెల పట్టింది. నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ నెలంతా పుంతపేట బడి ప్రాణం అతని పంచె అంచున వేలాడింది.

సంగతేమిటంటే, 1897లో రాజమండ్రి మిషను దొరగారు సెలవు మీద స్వదేశం వెళుతూ తన సైకిలు లాజరు చేతికి అప్పగించారు. పొద్దున ఊళ్ళో బడి చూసుకుని, పదకొండు గంటలకల్లా పుంతపేట బడికి చేరుకోవాలన్నారు. చేరలేకపోతే ఆ బడి మూసెయ్యక తప్పదన్నారు. పుంతపేట ఏడు మైళ్ళు, కాలవ గట్టు వెంబడే దారి. పడవెక్కితే అది ప్రతి లాకు తలుపుల దగ్గరా ఆగి, పడవవాళ్ళు తీరిగ్గా చుట్టలు కాల్చుకుని, మధ్యాహ్నం రెండింటికి గాని చేర్చదు. కాబట్టి సైకిలే దిక్కు.

పుంతపేట వాళ్ళంతా సాంబశివరాజుగారి పొలాల్లో పాలేర్లు. రాజుగారి వీధిలోంచి నడవాలంటే వాళ్ళు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి. ఇది ఎవరు పెట్టిన చట్టమో ఎవరికీ తెలియదు. తప్పినవాడి వీపుకి మాత్రం బాగా తెలుసు. లాజరు కూడా అలాంటి పాలేరు కొడుకే. కానీ నాలుగక్షరాలు వచ్చి పంతులయ్యాక పాదాల మీద పడేలా పంచె కట్టి, నల్ల కోటు తొడిగి, తలపాగా చుట్టాడు. అతన్ని చూసి రాజుగారి గుమాస్తా నోరెత్తలేకపోయాడు. అందుకే బడి తెచ్చుకున్న రోజున పేట పెద్ద చిట్టియ్య పంతుల్ని ఒక్కటే కోరాడు.

"పంచె దించుకునే రావాలండి తమరు. మనోడు అలా కడితే ఎలాగుంటాడో మా పిల్లలు సూడాలండి. ఆయ్."

లాజరు సరేనన్నాడు. అప్పటికి సైకిలు గొలుసు సంగతి అతనికి తెలియదు.

మొదటి రోజు ధవళేశ్వరం దాటకముందే గొలుసు కుడికాలి అంచుని అందుకుంది. రెండో రోజు జానెడు గుడ్డ లాక్కుంది. వారం తిరిగేసరికి రెండు పంచెలు పీలికలయ్యాయి. అతని భార్య జ్ఞానమ్మ ఆ పీలికలు ఎత్తి చూపించింది.

"ఏమండీ, ఇంతకీ అది సైకిలా, మేకా?"

లాజరుకి నవ్వు రాలేదు. దొరగారు వదిలేసిన పాత పంట్లాం ఒకటుంటే తీసుకుని కుట్టుపనివాడి దగ్గరికి వెళ్ళాడు. దొరగారు ఆరడుగుల పైచిలుకు మనిషి. లాజరు ఆయన ఛాతీ వరకు వస్తాడు. కుట్టుపనివాడు కింద మూరెడు కత్తిరించి, నడుము సంగతి తన వల్ల కాదని చేతులెత్తేశాడు. లాజరు నడుముకి తాడు బిగించుకుని బయల్దేరాడు. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. ఆ మందపాటి గుడ్డలో, పైన నల్ల కోటులో, ఏడు మైళ్ళూ ఉడికిపోతూ పేట చేరేసరికి బడిలో ఒక్క పిల్ల లేదు. పేటలో ఒక్క ఆడమనిషి లేదు. అరగంట వెతికితే గడ్డివాము వెనకాల బుల్లెమ్మ అనే ఏడేళ్ళ పిల్ల దొరికింది. చెయ్యి వీపు వెనక్కి దాచుకుని బావురుమంది.

"నాకు ఏసేశారండీ!"

పుంతపేటకి అంతవరకు పంట్లాం తొడుక్కుని వచ్చిన మనిషి ఒక్కడే. టీకాలు వేసే ఆయన. పాపం, పిల్లల తప్పేముంది? పిల్లల్ని ఒక్కొక్కరినే పట్టుకుని తన ముఖం చూపించేసరికి పొద్దు వాలింది.

మర్నాడు విసుగెత్తి పంచె పైకి లాగి గోచీ బిగించాడు. అబ్బ, ఎంత హాయి! కాళ్ళకి గాలి తగులుతోంది, సైకిలు పరుగెడుతోంది, గొలుసు కుదురుగా తన పని తాను చేసుకుంటోంది. కూనిరాగం తీస్తూ పేట మొదట్లో దిగాడు. చిట్టియ్య అక్కడే నిలబడి ఉన్నాడు. పంతులు మోకాళ్ళకేసి చాలాసేపు చూశాడు. కోపం లేదు, అంతకంటే అధ్వానంగా చూశాడు.

"రేపట్నించి మా పిల్లల్ని గేదెల కాడికే పంపుతామండి. గోచీ కట్టడం ఆళ్ళకి ఇప్పటికే వచ్చండి."

ఆ మాటకి లాజరు సిగ్గుతో చచ్చిపోయాడు. పేటవాళ్ళు ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న బడి అది. తన మోకాళ్ళ మూలాన పోయేలా ఉంది.

చివరికి తోవ చూపించింది జ్ఞానమ్మే. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే మొగుణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టి, గోడ పట్టుకుని ఉండమని, పెడలు చేత్తో తిప్పి చూసింది. గుడ్డ ఎక్కడ ఎగురుతోందో, గొలుసు ఎక్కడ అందుకుంటోందో చూసుకుంది. లంగా నాడా ఒకటి తెచ్చి, కుడికాలి దగ్గర పంచెని తమలపాకు చిలక చుట్టినట్టు మడిచి, పిక్క మీద ముడివేసింది. కోటూ తలపాగా మూటకట్టి వెనకాల బిగించింది. ఒంటి మీద పల్చటి మల్లు చొక్కా, నెత్తిన తడి తువ్వాలు.

"పేట ముందర మొగలి పొద ఉందన్నారుగా? అక్కడ దిగండి. నాడా విప్పితే పంచె దానంతటదే జారుతుంది. చెమట తుడుచుకుని కోటేసుకోండి. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళండి, పెళ్ళికొడుకులా ఉంటారు."

అలాగే చేశాడు. పంచె నలగలేదు, కోటు తడవలేదు. చిట్టియ్య ముఖం విప్పారింది. గేదెల దగ్గరికి వెళ్ళిన పిల్లలు బడికి తిరిగొచ్చారు. రెండు వారాలు బ్రహ్మాండంగా గడిచాయి.

అంతలో బడుల ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన వచ్చే వేళకి పంతులు లేకపోతే బడి కొట్టివేత ఖాయం. జ్ఞానమ్మ ఆ రోజు కోసం కొత్త పంచెకి గంజి పెట్టింది. చాలదేమోనని మళ్ళీ పెట్టింది. పంచె అట్టలా తయారైంది. తన చేతిపని చూసుకుని తానే మురిసిపోయింది. కానీ అట్టమీద నాడా నిలుస్తుందా?

మొగలి పొద ఇంకా రెండు ఫర్లాంగులుందనగా నాడా జారింది. గొలుసు ఇన్నాళ్ళ ఆకలీ ఒక్కసారే తీర్చుకుంది. లాజరు గట్టు మీంచి దొర్లి బురదలో పడ్డాడు. కోటూ తలపాగా ఉన్న మూట కాలవలో పడి, తన దారిన తాను సముద్రానికి బయల్దేరింది. పంచెలో మిగిలిన గుడ్డ గోచీకి సరిపోతుంది, అంతకి మించి దేనికీ చాలదు.

దూరంగా ఇన్‌స్పెక్టరుగారి పడవ రేవులో ఆగి ఉంది. వెనక్కి పోతే బడి పోతుంది. ముందుకి పోతే చిట్టియ్య ముఖం ఎలా చూడాలి? లాజరుకి ఏడుపొచ్చింది. ఆ మిగిలిన గుడ్డే గోచీ పెట్టుకుని, సైకిలు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

బడి పాకలో ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. పిల్లలు బిక్కమొహాలతో ఉన్నారు. పేట మగవాళ్ళు గోచీలతో చూరు కింద ఒదిగి నిలబడ్డారు. ఒళ్ళంతా బురదతో రొప్పుతూ వచ్చిన లాజరుని ఇన్‌స్పెక్టరుగారు ఎగాదిగా చూశారు.

"ఒరేయ్, గట్టు మీద మీ పంతులేమన్నా కనిపించాడా?"

లాజరు ఉన్నమాటే చెప్పాడు.

"పడ్డాడండి."

ఇన్‌స్పెక్టరుగారు ఒక్క విసురుతో పుస్తకం తెరిచి, పంతులు రాలేదని రాయడం మొదలుపెట్టారు. ఆ కలం కదలిక చూసి లాజరు ఒక్క అడుగు ముందుకేశాడు. పంతులు హాజరేనని శుభ్రమైన ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు ఉలిక్కిపడి, ఆ మాట ఎవరన్నారా అని పాకంతా వెతికారు. ఎదురుగా గోచీ పెట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

"ఏడిరా పంతులు?"

చూరు కింద నుంచి చిట్టియ్య ముందుకి వచ్చాడు. ఈ మనిషిని తమ పంతులని ఒప్పుకుంటే పేట పరువు ఏమవుతుందో అందరికంటే అతనికే తెలుసు. అయినా చంకలోని తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"ఒరే అనకండి బాబుగారూ. ఆయనే మా పంతులుగారండి."

ఇన్‌స్పెక్టరుగారు లాజరుని పైనుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి చూసి, కలం కింద పెట్టారు. అప్పుడు బుల్లెమ్మ లేచి, ఎవరూ అడక్కుండానే వాచకంలో పాఠం తప్పులేకుండా చదివేసింది. తర్వాత ఇంకో పిల్లవాడు, ఆ తర్వాత మరొకడు. నాలుగో పిల్లవాడు చదివేటప్పటికి ఇన్‌స్పెక్టరుగారు లేచి తన కుర్చీ లాజరు వైపు జరిపారు.

"కూర్చోండి పంతులుగారూ. ఇంత దూరం ఎలా వచ్చారసలు?"

బడి నిలిచింది. ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళేముందు, పేట కుర్రాళ్ళు గట్టు మీంచి తెచ్చిన సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, గొలుసు జోలికి మాత్రం పోకుండా పడవెక్కారు.

లాజరు దగ్గర కోటు లేదు, తలపాగా లేదు, మంచి పంచె లేదు. మర్నాడు ఉన్న పాత పంచె గోచీ బిగించి, ఎవరేమనుకుంటే అనుకోనీ అని సైకిలెక్కాడు. పేట మొదట్లో చిట్టియ్య ఎదురొచ్చాడు. వెనకాల పదిమంది మగవాళ్ళున్నారు. అందరి పంచెలూ దించి ఉన్నాయి. కొన్ని పిక్కల దాకానే వచ్చాయి, కొన్నిటికి చిరుగులున్నాయి. చిట్టియ్యది పాదాల మీద పడి దుమ్ములో జీరాడుతోంది. కట్టడం అలవాటు లేక ఓ చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని నడుస్తున్నాడు. రాజుగారి గుమాస్తా గట్టు మీద నిలబడి, వీళ్ళలో ఎవరిని అదిలించాలో తెలియక నోరు తెరుచుకుని చూస్తున్నాడు. లాజరు సైకిలు దిగాడు.

"మీరు ఎక్కి కూకోండి పంతులుగారూ," అన్నాడు చిట్టియ్య. "ఆ బండి మేం నడిపించుకొత్తాం."