పాట విన్నాకే పెట్టె

హౌరా టికియాపారాలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో, ఒక అద్దె గదిలో మా నాన్న హార్మోనియంలు చేసేవాడు. హౌరా చుట్టుపక్కల తెలుగు చర్చిల్లో చాలా పెట్టెలు ఆయన చేతివే. కొనడానికి ఎవరొచ్చినా ముందు ఓ పాట పాడించుకునేవాడు. గొంతు విన్నాకే దానికి తగ్గట్టు స్వరం పలికే ఇత్తడి రీడ్లు ఏరేవాడు. పాడమంటే సిగ్గుపడినవాళ్ళకు చాయ్ తాగించి ఇంకో రోజు రమ్మనేవాడే తప్ప పెట్టె అమ్మేవాడు కాదు. అంత మొండిమనిషిని నేనింకెక్కడా చూడలేదు.

తర్వాత చర్చిల్లోకి కీబోర్డులు వచ్చాయి. పెట్టె అడిగేవాళ్ళు లేక, గది ఖాళీ చేసి పనిముట్లు ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు నాన్న. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అప్పటికి కోల్‌కతా న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంటర్నెట్‌లో అమ్ముదామన్నాను.

"మనిసి గొంతు ఇనకుండా పెట్టెలా సేత్తానమ్మా?"

"ఫొటో చూసి కొనుక్కుంటారు నాన్నా. ఫోన్లో ఎవరు పాడతారు?"

"పాడనోళ్ళకి పెట్టెందుకు?"

అయినా ఊరుకోలేదు. పెద్ద తెలివైనదాన్ని కదా, ఆయనకు చెప్పకుండా గదిలో మిగిలిన పెట్టెను ఫొటో తీసి అమ్మకానికి పెట్టేశాను.

కొన్నాళ్ళకు విశాఖపట్నం నుంచి ఆర్డరొచ్చింది. చెబితే తిడతాడనుకున్నాను. తిట్టకుండా, ఆర్డరిచ్చినాయనకు ఫోన్ కలపమన్నాడు. ఆర్డరు పోయినట్టేననుకుంటూ కలిపాను.

"ఏటీ అనుకోకండి బాబూ. ఈ పెట్టె పెట్టుకుని పాడేదెవరు?"

పెట్టె తన భార్య కోసమని చెప్పాడు అవతలాయన. ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయిందట. ఏళ్ళ తరబడి చర్చిలో పాడిన మనిషి ఇప్పుడు ఇంట్లో కూడా పాడటం లేదట.

"అమ్మగారికియ్యండి," అన్నాడు నాన్న.

ఫోన్ అందుకున్నావిడను ఏదైనా పాడమన్నాడు. ఆ తర్వాత బొంగురుగా, సగం గాలిగా, ఒక్క చరణం. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. నాకు ఆ గదిలో నిలబడటానికే సిగ్గేసింది.

ఫొటోలో ఉన్న పెట్టె ఆవిడకు పంపలేదు. అది ఆ గొంతును మింగేస్తుందన్నాడు. రీడ్లు ఒక్కొక్కటే గీకి, విని, మళ్ళీ గీకి, మూడు వారాల్లో మెత్తగా పలికే పెట్టె ఇంకొకటి చేశాడు.

పార్సిలుకు గోనెపట్టా కుడుతూ అడిగాడు, "ఇంటర్నెట్‌లో మన ఫోన్ నంబరు కూడా పెడతారా?"

పెట్టొచ్చన్నాను.

"అయితే పెట్టమ్మా. ఇక్కడిదాకా రాలేనోళ్ళు కూడా పాడుకోవాలి గదా."