పున్నమి లోపు

నా చిన్నప్పుడు, సూరత్‌లో కరోనా వచ్చి నాన్న పనిచేసే ఖటోదరా పేటలోని మగ్గాలు ఆగిపోయిన వానాకాలంలో, అమ్మను ఆసుపత్రిలో చేర్చారు. నాకు తొమ్మిదేళ్లు. అమ్మను చూడడానికి మమ్మల్ని రానివ్వలేదు. రోజూ సాయంత్రం వార్డులోని నర్సు ఫోన్ కలిపి అమ్మ చేతికిచ్చేది. నాన్న ఎంత పిలిచినా నేను మాట్లాడేదాన్ని కాదు. ఆ గొంతు వింటే ఏడుపొస్తుందని, రేపు మాట్లాడతానంటూ బాల్కనీలోకి పారిపోయేదాన్ని. కింద ఆడుకునే పిల్లలు లేరు. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా లేదు.

ఎదురు బాల్కనీలో యూదుల తాతయ్య ఒక్కరే ఉండేవారు. వారం రోజులుగా ఆయన పుస్తకం పట్టుకుని మబ్బులకేసి చూస్తున్నారు. ఎందుకని అడిగితే హిందీలో ఓపిగ్గా చెప్పారు. వాళ్లు నెలకోసారి చంద్రుణ్ణి చూసి, అతన్ని చేసిన దేవుణ్ణి స్తుతిస్తారట. కొత్త చంద్రుడు పుట్టి ఏడు రోజులు నిండాక మొదలుపెట్టాలి, పున్నమి దాటకూడదు. చంద్రుడు కళ్లకు కనబడాలి. పదిమందీ కలిసి చెప్పుకుంటే మరీ మంచిది. ఆ ఏడాది ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు.

పున్నమి దాటాక చెబితే ఏమవుతుందని అడిగాను.

“గడువు పోయినట్టే బేటా. వచ్చే నెల చెప్పేది వచ్చే నెలకే,” అన్నారు.

రేపు పున్నమి అనగా, మసక చీకట్లో మబ్బు విడిపోయింది. తాతయ్య గబగబా లేచి నిలబడి చదివారు. మధ్యలో పక్కనున్న ముగ్గురిని పలకరించాలట. ఆయన పక్కన ఎవరూ లేరు. నాకు బదులు చెప్పడం నేర్పి, నన్నే మూడుసార్లు “షాలోమ్ అలేఖెమ్” అన్నారు, నీకు శాంతి అని. “అలేఖెమ్ షాలోమ్” అని మూడుసార్లూ అరిచాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

లోపల ఫోన్ మోగింది.

“అమ్మ ఉన్నది ఫోన్ల. జర మాట్లాడు బిడ్డా,” అన్నాడు నాన్న.

రేపు అనబోయి ఆగిపోయాను. ఫోన్ అందుకున్నాను.

“తిన్నవా బిడ్డా?” అంది అమ్మ, ఆయాసపడుతూ. “జడ ఎవలేస్తున్నరు?”

“నాన్న. మంచిగ వస్తలేదు.”

అమ్మ నవ్వబోయి దగ్గింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఊరుకోమనలేదు.

“ఏడువు బిడ్డా, నేను వింటున్న,” అంది.

మర్నాటి నుంచి అమ్మ మాట్లాడలేకపోయింది. ఇంటికి తిరిగి రాలేదు.

తప్పించుకున్న ఆ సాయంత్రాలు ఈ వయసులోనూ నన్ను గుచ్చుతాయి. మాట్లాడిన ఆ ఒక్క సాయంత్రమే నాకు దక్కిన అమ్మ. అందుకే ఎవరికైనా ఒక మాట చెప్పాలనిపిస్తే, ఏడుపొస్తున్నా సరే, ఆ పూటే చెప్పేస్తాను.