దేవదానం అంకుల్ చెవి డొప్పలు

నలుగురిలో పరువు పోగొట్టుకోవాలంటే మామూలుగా చాలా తంటాలు పడాలి. నాకు ఒక గడ్డి కోసే మిషనూ, జేబులో పట్టే ఎంపీత్రీ ప్లేయరూ సరిపోయాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను. నవ్వుకోండి గానీ, దయచేసి మా మెట్టుగూడలో ఎవరికీ గుర్తు చేయకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చర్చి క్వయర్‌లో నా గొంతుకు మంచి పేరుండేది. ఆ పేరు ఎంత గొప్పదో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు లెండి. మా పక్కింటి దేవదానం అంకుల్ రైలింజిన్ల షెడ్డులో బతుకంతా పనిచేసి రిటైరయ్యారు. ఆ మోతకు ఆయన చెవులు ముప్పాతిక వంతు పోయాయి. ఏం చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే.

రిటైరైనందుకు ఆయన ఇంటి పెరట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. ఉద్యోగం వచ్చినా, ముగిసినా కూడిక పెట్టి, దేవునికి స్తోత్రం చెప్పి, వచ్చినవాళ్లకు బిర్యానీ పెట్టడం మాలో ఆనవాయితీ. ఆయన కోరింది ఒక్కటే.

"బిడ్డా, మా సుగుణకు ఇష్టమైన పాట నువ్వే పాడాలె. నేను ముందట కూసుంట. ఎంత వినవడ్తె అంత వింట."

ఆయన భార్య సుగుణ ఆంటీ పోయి అప్పటికి రెండేళ్లు. కాదనడానికి నాకు నోరెలా వస్తుంది?

కూడిక సాయంత్రం. షామియానా వేయాలంటే మధ్యాహ్నంలోగా పెరట్లో మోకాలెత్తు గడ్డి కోయాలి. నేనే కోస్తానన్నాను. అద్దెకు తెచ్చిన మిషన్ తాడు లాగగానే గోడ మీది పిల్లి పక్క పేట సీతాఫల్‌మండి వైపు పరుగు పెట్టింది. అంకుల్ లోపలికెళ్లి షెడ్డు నాటి, మోత చెవిన పడకుండా పెట్టుకునే ఎర్రటి చెవి డొప్పలు తెచ్చి, మిషన్ ఆపమని సైగ చేశారు.

"ఇవి పెట్టుకో. చెవులు ఖరాబైతయ్."

"నాకు ఇవున్నాయి అంకుల్," అని ఇయర్‌ఫోన్లు చూపించి, ఆయన చెవిలో అరిచాను. "పాట ప్రాక్టీసు కూడా అయిపోతుంది."

"అవి పాటకు. ఇవి మోతకు. మిషన్ బంద్ జేసినంక నేర్చుకో పాట."

నిజం చెప్పేస్తాను. ఎదురు డాబా మీద ఇద్దరమ్మాయిలు బట్టలు ఆరేస్తున్నారు. ఆ డొప్పలు పెట్టుకుంటే చెవులకు కొబ్బరి చిప్పలు కట్టుకున్నట్టుంటుందని నా భయం. వాటిని మెట్ల మీద పెట్టేసి, ఇయర్‌ఫోన్లు దూర్చుకున్నాను.

మిషన్ మోతలో పాట వినబడలేదు. సౌండ్ పెంచాను. గడ్డి దట్టంగా ఉన్నచోట మిషన్ ఇంకా గట్టిగా అరిచింది. నేనూ ఇంకా పెంచాను. ఇక పెంచడానికి మిగలనంతవరకూ పెంచి, రెండు గంటలు అలాగే కోశాను. చివరికి మిషన్ ఆపితే మోత ఆగలేదు. స్విచ్ మళ్లీ నొక్కాను. అప్పటికీ గుయ్‌మంటూనే ఉంది. అది మిషన్ కాదు, నా చెవులు. స్నానం చేస్తే పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. సాయంత్రం మా క్వయర్ ప్రసాదరావు మాస్టారు హార్మోనియం ముందు కూర్చుని ఏదో అన్నారు. శ్రుతి అందిందా అని కాబోలనుకుని తలూపాను. నిజానికి ఆయన వేళ్లు కదలడం కనబడిందే తప్ప నాకేమీ అందలేదు. పాట మొదలుపెట్టాను. నా గొంతు నాకే ఏదో బావిలోంచి వస్తున్నట్టుంది. మధ్యాహ్నం అలవాటే కదా, సౌండ్ పెంచాను. ముందు వరసలో పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు, భక్తి అనుకున్నాను. మాస్టారు చేతులు కట్టుకున్నారు, అదీ భక్తే అనుకున్నాను.

పాట అయ్యాక మాస్టారు నా చెవి దగ్గరికొచ్చి అరిచారు. "ఏ శ్రుతిలో పాడావు నాయనా?"

"మీ శ్రుతిలోనే కదండీ."

"నేను రెండో చరణంలోనే ఆపేశానయ్యా."

అంతలో దేవదానం అంకుల్ లేచి నిలబడ్డారు. "ఇన్నేండ్లకు ఒక పాట మొత్తం వినవడ్డది," అన్నారట. షామియానా అంతా నవ్వింది. నవ్వు కూడా నాకు వినబడలేదు, ఊగే భుజాలే కనబడ్డాయి.

బిర్యానీ దగ్గర ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లారు. అందరూ ఆయన చెవిలో అరిచినట్టే ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టారు.

"గుయ్‌మంటుందా?"

తలూపాను.

"రేపటికి తగ్గుతది. నాకు సుత మొదట్ల తగ్గుతుండె. డొప్పలు నాకు సుత ఇచ్చిండ్రు బిడ్డా. పెట్టుకుంటె దోస్తులు నవ్వుతరని డబ్బాలనే ఉంచిన. సుగుణ ఆ పాట రోజూ పాడేది. ఆఖరి ఏండ్లల్ల ఆమె పెదవులు కదిలేది చూసిన గాని, పాట వినలే."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. పాట పాడుచేసినందుకు కాదు. తాను పోగొట్టుకున్నదాన్ని నాకు దక్కించాలని ఆయన తెచ్చిచ్చిన డొప్పలను, ఎవరో చూస్తారని మెట్ల మీద పడేసినందుకు.

అందుచేత ఇప్పుడు మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. డొప్పలు పెట్టుకోకుండా మిషన్ తాడు లాగను. మిషన్ ఆగేదాకా పాట జోలికి పోను. కూడికల్లో ఒంటరిగా పాడనని కూడా ప్రమాణం చేద్దామనుకున్నాను గానీ, ఆ అవసరం రాలేదు. నా తరఫున దాన్ని మా క్వయర్ వాళ్లు ఆ రాత్రే చేసేశారు.