గడువు మింగిన రేపుబాబాయి

ఆఫీసులోనూ వీధిలోనూ అతణ్ణి అందరూ రేపుబాబాయి అనేవారు. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా. కుళాయి రావడం లేదని ఎవరు మొత్తుకున్నా "రేపు చూద్దాం" అంటూ ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా అదే మాట. రిటైరైన ఏడాదికి ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది.

పాపం అనాల్సిందే. అన్నారు కూడా. భార్య ఆస్పత్రుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. డాక్టరమ్మ బియ్యపుగింజంత రేడియేషన్ గింజలు ఎనభై దాకా సూదులతో ఆ గ్రంథిలో పెట్టింది. అవి లోపలే ఉండిపోయి, నెలనెలకీ శక్తి తగ్గుతూ, క్యాన్సర్‌ను చంపుతాయట. మర్నాడే ఇంటికి పంపుతూ, "రెండు నెలలు చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. కడుపుతో ఉన్నవాళ్లకి కాస్త ఎడంగా ఉండండి. మిగతాదంతా మామూలే," అంది.

అప్పుడు భార్య మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంది. ఇంటికొచ్చాక ఆమెకు తనకు పనికొచ్చే ముక్కలే చెప్పాడు. గడువు మింగేశాడు.

కూతురు పై వాటాలోనే ఉండేది. ఏడో నెల. "ఒంట్లో రేడియేషనుంది, దగ్గరికి రాకండి," అని ముందుగది ఆక్రమించాడు. కంచం గుమ్మం దాకా రావాలి. గ్యాస్ బండ జరపమంటే రేడియేషన్. కూతురికి నొప్పులొచ్చి ఆటో పిలవమన్నా రేడియేషనే. మనవరాలు పుట్టాక తల్లీ అమ్మమ్మా వంతులేసుకుని ఎత్తుకు తిరుగుతుంటే, తను తలుపేసుకుని పేపరు చదువుకున్నాడు. మొదటి వారాల్లో మూత్రం మంటని మూలిగిన మాట నిజమే. మంట తగ్గినా మూలుగు తగ్గలేదు.

గింజలు పెట్టిన ఎనిమిదో నెలలో పరీక్షకు వెళ్లారు. రక్తపరీక్షలో క్యాన్సర్ జాడ చెప్పే అంకె బాగా పడిపోయింది. డాక్టరమ్మ సంతోషించి, "మనవరాల్ని ఎత్తుకుని తిప్పుతున్నారా?" అని అడిగింది.

"ఎక్కడండీ, ఆ గింజలున్నాయి కదా," అంది భార్య.

"అది రెండు నెలలకేనమ్మా. ఆయనకి చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను."

రేపుబాబాయి గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే పాపను తెచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. అయిదు నిమిషాలు కాలేదు.

"నడుం పట్టేసింది, తీసుకోవే."

"గింజలు పెట్టింది క్యాన్సర్‌కి," అంది ఆమె. "బద్ధకానికి పెట్టేవి లేవట. మీరు బయటికెళ్లాక అడిగాను."

వారం తిరక్కుండా కూతుర్నీ పాపనీ తీసుకుని అల్లుడు పనిచేసే ఊరికి నెలరోజులు ఉండడానికి వెళ్లిపోయింది. అతను రెండు పూటలు అన్నం మాడ్చుకుని, మూడోపూట టీకొట్టు బల్ల మీద చేరాడు.

"క్యాన్సర్ మనిషిని వదిలేసి పోయింది మా ఆవిడ, చూశావా?" అన్నాడు టీకొట్టతనితో.

"క్యాన్సర్ ఇంకా ఉందా బాబాయ్?"

"తగ్గిందిలే. అయినా మనిషన్నాక..."

ఇంకో టీ అడిగితే, టీకొట్టతను గ్లాసు కడిగి తెచ్చుకోమన్నాడు.