పోటీ ముందురోజు పిక్కలు

ఆ గదికి కిటికీ ఉండేది కాదు. మైదానంలో గ్యాలరీ మెట్ల కింద కట్టిన గది. పైన మెట్లు ఎలా దిగితే లోపల కప్పూ అలాగే దిగేది. తలుపు దగ్గర నిటారుగా నిలబడ్డ మనిషి అవతలి గోడ చేరేసరికి నడుం వంచాల్సిందే. మధ్యలో మర్దన చేసే బల్ల. బల్లకు ఒక చివర మొహం ఆన్చుకోవడానికి గుండ్రటి కన్నం. బోర్లా పడుకున్నవాళ్లకు ఆ కన్నంలోంచి గచ్చు మీద పిన్ని పాదాలు మాత్రం కనిపించేవి. చాలామంది ఆటగాళ్లకు ఆవిడ మొహం కంటే ఆ పాదాలే బాగా గుర్తు.

అందరికీ ఆవిడ పిన్నే. కోచ్‌కి కూడా. ఇప్పుడు ఆ మెట్లూ లేవు, ఆ గదీ లేదు. పిన్ని కొడుకింట్లో వీధివైపు గదిలో ఉంటోంది. బొటనవేళ్లు మొదళ్లలో అరిగిపోయి సీసా మూత తిప్పడానికి కూడా మొరాయిస్తాయి. కోడలు మూత తీసిస్తూ, ఈ చేతులేనా అత్తయ్యా కుస్తీవాళ్ల చేత కేకలు పెట్టించినవి అని ఆటపట్టిస్తుంది. పిన్ని నవ్వి ఊరుకుంటుంది. మధ్యాహ్నం కునుకు పట్టేవేళ మాత్రం ఆ గది వాసన వస్తుంది. గోరువెచ్చటి నూనె, సరిగా ఆరని తువ్వాళ్లు, గచ్చు చెమ్మ.

ఆవిడ అక్కడ చేరింది తువ్వాళ్లు ఉతకడానికి. భర్త అదే మైదానంలో పరుగు గీతలకు సున్నం వేసేవాడు. ఆ రోజుల్లో గదిలో మర్దన చేసేది ఒక పెద్దాయన. తక్కువ మాటల మనిషి. పిన్ని పిండి ఆరేసిన తువ్వాలును ఆయన ఒకరోజు తీసి మళ్లీ పిండి చూశాడు. చుక్క రాలేదు.

"ఆ బొటనవేళ్లు ఇలా తే అమ్మాయ్" అన్నాడు.

ఏడాదిన్నర నేర్పాడు. ముందు మనుషుల్ని ముట్టుకోనివ్వలేదు. బల్ల మీద ఒక కుట్టుదారం పెట్టి, పైన వార్తాపత్రిక కాగితం పరిచి, కళ్లు మూసుకుని దారం ఎక్కడుందో వేలితో చెప్పమనేవాడు. చెప్పగలిగితే ఇంకో కాగితం. పెద్దాయన వేళ్లు తొమ్మిది కాగితాల దాకా వెళ్లేవి. పిన్ని పదకొండు దాటింది. ఆ రోజు ఆయన మెచ్చుకోలేదు, అలిగినట్టు టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే పిన్నికి ఇప్పటికీ నవ్వొస్తుంది.

పట్టేసిన కండలో లోతుగా వేలు దించి ముడి విప్పడాన్ని వాళ్లు తవ్వడం అనేవారు. పెద్దాయన నోట పిన్ని ఎక్కువసార్లు విన్న మాట తవ్వడం గురించి కాదు, తవ్వకపోవడం గురించే. పోటీకి రెండు రోజుల ముందునుంచీ కండని తవ్వకూడదు. పైపైన నిమరాలి, అంతే. తవ్విన కండ బాగుపడుతుంది గాని, ముందు ఒకటి రెండు రోజులు చచ్చుబడినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో పరుగెత్తమంటే అది పలకదు.

పెద్దాయన పని మానేశాక గది పిన్నిదయింది. కుంటుతూ వచ్చినవాళ్లు నడుస్తూ వెళ్లేవారు. పిన్ని చెయ్యి పడితే చాలు అనే మాట మైదానమంతా పాకింది. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారు. వినగా వినగా ఆ మాట ఆవిడకూ నిజమే అనిపించసాగింది. నీ బొటనవేళ్లకి ఈమధ్య పొగరెక్కింది అని భర్త ఒకటి రెండుసార్లు అన్నాడు. నీ సున్నం గీతలు నువ్వు చూసుకో అంది.

పదిహేను వందల మీటర్లు పరుగెత్తే పిల్ల ఒకతె ఉండేది. సన్నటి పొడుగాటి కాళ్లు. అందరూ కొంగ అనేవారు, పిలిస్తే పలికేది కూడా. తండ్రి లేడు. అక్కాబావల ఇంట్లో ఉండేది. ఆ ఏడాది ఎంపిక పోటీలో మొదటి ముగ్గురిని శిక్షణ శిబిరానికి పంపుతారు. ఎంపిక కాకపోతే పరుగు మానేసి తన ప్రింటింగ్ ప్రెస్‌లో కూర్చోవాలని బావ చెప్పేశాడు. చెడ్డవాడు కాదు, ఓపిక అయిపోయింది.

పోటీ రేపనగా, సాయంత్రం నాలుగింటికి కొంగ గదిలోకి వచ్చింది. కుడి పిక్క పట్టేసింది పిన్నీ అని బల్లెక్కింది. పిన్ని బొటనవేలు పెట్టీ పెట్టగానే ముడి దొరికింది. బఠాణీ గింజంత. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఆవిడకది తెలుసు. వద్దులేవే, నిమిరి వదిలేస్తాను, వేడినీళ్ల కాపడం పెట్టుకో అంది కూడా. పిల్ల ఏడుపు గొంతుతో, నువ్వు తియ్యలేకపోతే ఇంకెవరు తీస్తారు అంది.

ఆ మాటకి పిన్ని వేలు దించింది. రెండు నిమిషాలు అనుకుంది. ముడి అటూ ఇటూ జారుతూ తప్పించుకుంటోంది. ఆవిడకు పంతం వచ్చింది. ఒక కాలు తేలికై రెండోది బిగువుగా ఉంటే అడుగు కుదరదని ఎడమ పిక్కా తవ్వింది. చివరికి కుడి పిక్కలో ముడి వేలి కిందే కరిగిపోయింది. బల్ల దిగిన కొంగ మునివేళ్ల మీద లేచి దిగి, గాల్లో ఉన్నట్టుంది పిన్నీ అంది. తలుపు పక్క గోడగడియారం వైపు అప్పుడు చూసింది పిన్ని. నలభై నిమిషాలు.

మర్నాడు మూడో చుట్టు దాకా కొంగ ముందు గుంపులోనే ఉంది. ఆఖరి చుట్టులో మిగతావాళ్లు వేగం పెంచారు. కొంగ పెంచలేకపోయింది. తడి ఇసకలో పరుగెత్తుతున్నట్టు కాళ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి, అంతే. నాలుగో స్థానంలో వచ్చింది. పిన్ని తువ్వాలు పట్టుకుని గీత అవతలే నిలబడి ఉంది. ఆవిడ చూసింది పిల్ల మొహాన్ని కాదు, పిక్కల్ని.

కోచ్ అందరిముందూ కొంగను కేకలేశాడు. కాళ్లకేం రోగం, దమ్ము లేదు నీకు, ఆఖర్లో నీరుగారిపోతావు అన్నాడు. కొంగ అలాంటిదాన్నే కాబోలు అన్నట్టు తలొంచుకుని విన్నది. పిన్ని ఆ తలొంచుకోవడాన్ని చూడలేక లోపలికి వెళ్లి, ఉతికిన తువ్వాళ్లనే మళ్లీ ఉతికింది.

ఇంట్లో భర్తకి చెప్పింది. అంతా విని ఆయన, "నాకెందుకు చెప్తావు? నేను పరుగెత్తానా?" అన్నాడు.

మూడు రోజులు ఆవిడ నోరు మెదపలేదు. చెబితే గది పోతుంది. తువ్వాళ్ల తొట్టి దగ్గరి నుంచి ఆ బల్ల దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆవిడకి తెలుసు. నాలుగో రోజు కొంగ మేకుల బూట్లు చేత్తో పట్టుకుని కోచ్ గది వైపు వెళ్లడం కనిపించింది. బూట్లు మైదానం వాళ్లవి. మానేసేవాళ్లు తిరిగి ఇచ్చేయాలి.

పిన్ని నూనె చేతులతోనే వెనక వెళ్లింది. అప్పటికే బూట్లు కోచ్ బల్ల మీద ఉన్నాయి.

"సార్, ఆ పిల్లకి దమ్ము లేక కాదు" అంది. "ముందురోజు నేను పిక్కలు తవ్వాను."

కోచ్ తలెత్తాడు. "ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"రెండు కాళ్లూనా పిన్నీ?"

"రెండూ."

కోచ్ కళ్లు కొంగ పిక్కల మీదికి వెళ్లాయి. ఆయనా ఒకప్పుడు పరుగెత్తినవాడే.

"అడిగింది నేనే సార్" అంది కొంగ చిన్నగా.

"నువ్వు అడుగుతావే. నొప్పి ఉన్నవాళ్లు అడగరా? కాదనడానికే కదా నన్నక్కడ పెట్టింది" అంది పిన్ని.

అప్పుడు కొంగ పిన్ని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది. మూడు రోజులుగా తనని తాను తిట్టుకున్న కోపమంతా మనిషి మారి పిన్ని మీదికి వచ్చింది. బల్ల మీది బూట్లు లాక్కుని వెళ్లిపోయింది. తలుపు దగ్గర పిన్ని భుజానికి తగిలి కూడా ఆగలేదు. బూట్లు ఉన్నది పిల్ల చేతిలోనే, అది చాలనుకుంది పిన్ని.

బావతో కోచే మాట్లాడి ఇంకో ఏడాది గడువు అడిగాడని తరవాత తెలిసింది. గది మాత్రం పోయింది. పరుగు పిల్లల మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు కోచ్. మర్దనకి వేరే కుర్రవాడు వచ్చాడు. పిన్ని మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లింది. కొంగ రోజూ అటుగానే పరుగెత్తేది. పలకరించేది కాదు. చప్పుడును బట్టి కుడి అడుగు బరువుగా పడుతోందో, సమంగా పడుతోందో పిన్ని తల తిప్పకుండానే చెప్పగలిగేది. చెప్పడానికి ఎవరూ లేరు.

ఏడాది తిరిగింది. ఒక ఉదయం పిన్ని తువ్వాళ్లు జాడిస్తుంటే ఎదురుగా బకెట్ బోర్లించుకుని కూర్చుంది కొంగ. కుడి కాలు పిన్ని మోకాలి మీద పెట్టింది.

పిన్ని చేతులు కదల్లేదు. "పోటీ ఎప్పుడు?"

"తొమ్మిది రోజులుంది. లెక్కపెట్టుకునే వచ్చాను."

"సార్‌కి తెలుసా?"

"పైన మెట్ల మీద నుంచుని చూస్తున్నాడు. అటు తిరగకు, వెళ్లిపోతాడు."

ఆ పిల్ల తరవాత గెలిచిందా అని కోడలు అడుగుతుంటుంది. ఆ సంగతి ఆఖర్న చెబుతుంది పిన్ని. ముందు ఆ ఉదయం సంగతే చెబుతుంది. చేతులు కొంగుకు తుడుచుకుని, వేలు దించకుండా, అరచెయ్యి మాత్రం పిక్క మీద ఆన్చిందట. చన్నీళ్లలో నానిన చెయ్యి. పిల్ల ఉలిక్కిపడి, చచ్చాను పిన్నీ, మంచుగడ్డలా ఉంది అందట. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. చెయ్యి వెచ్చబడేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.