పూజకు దించిన డిస్కులు

"అన్నీ ఒకే దాంట్లో పెడితే, అది పోయిన దినం అన్నీ ఒక్కసారే పోతాయి గదమ్మణ్ణీ?"

మద్రాసు రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్టు ముందు నిలబడి యోగానందన్న ఈ మాట అడిగింది 2007 వేసవిలో. ఎండకు ఆయన భుజం మీది తువ్వాలు తడిసి ముద్దయింది. నేను ఫోను చెవికి ఆనించుకుని, పాప పాలు తాగిందో లేదో ఇంట్లో మా అత్తను అడుగుతున్నాను.

తిరుపతి బైరాగిపట్టెడలో యోగానందన్నకు పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ ఉంది. పుత్తూరులో ఒక ఫోటో స్టూడియోలో ఫిల్ములు కడగడంతో మొదలుపెట్టి, రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి క్యాసెట్లు కలపడం నేర్చుకుని, చివరికి కంప్యూటర్ల దగ్గరికి వచ్చిన మనిషి. ముహూర్తాల రోజుల్లో తెల్లవారుజామున కొండమీద ఒక పెళ్లి తీసి, కిందికి దిగి వచ్చి కల్యాణమంటపంలో ఇంకో పెళ్లి తీసేవాడు. కుర్చీలో కూర్చున్నాడంటే నిద్రే. టీ గ్లాసు మాత్రం చేతిలోంచి జారేది కాదు. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. పాప పుట్టాక కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి, ఇంటికి దగ్గరని ఆ యూనిట్‌లో కంప్యూటర్లు చూసుకోవడానికి చేరాను.

అక్కడ రోజూ ఒకటే అవస్థ. ధనశేఖర్, ప్రశాంతి ఎడిటింగ్ చేసేవాళ్లు. ఎవరి కంప్యూటర్లో వాళ్ల డిస్కు. ఒకే పెళ్లిలో తలంబ్రాలు ఒకరి దగ్గర, విందు ఒకరి దగ్గర ఉండేవి.

"రేయ్ ధనా, తలంబ్రాలు యాడ పెట్టినావురా?"

"అక్క దాంట్లో ఉండాదన్నా."

"అక్క యాడ?"

"అన్నానికి పోయింది. కంప్యూటర్‌కు తాళమేసుకోని పోయింది."

"పెండ్లికొడుకును గూడా లోపలేసి తాళమేసిందా?"

నవ్వుకునేవాళ్లం కానీ, డిస్కులు ఊడదీసి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోయడంతోనే సగం పొద్దు గడిచిపోయేది.

అందుకే మద్రాసు వెళ్లాం. ఒక్కో కంప్యూటర్‌కు ఇంకో పెద్ద డిస్కు తగిలిస్తే ఖర్చు తక్కువే గానీ మోయడం తప్పదు. ఎవరో వాడి అమ్మేసిన సర్వర్ ఒకటి చూపించారు. నిండిన రోజున దాన్ని పెంచే దారి లేదు. మూడోది ఎనిమిది అరలున్న ఇనప పెట్టె. తీగతో కలిపితే ఇద్దరూ అందులోని పెళ్లినే ఒకేసారి తెరిచి పని చేసుకోవచ్చు. ఇప్పటికి నాలుగు అరల్లో డిస్కులు పెట్టి, కార్తీకంలో పెళ్లిళ్లు పెరిగితే మిగతా అరలు నింపుకోవచ్చు. పెట్టె మార్చక్కర్లేదు.

"ఒక డిస్కు పోతే?" అన్నాడు.

"మిగతా మూడూ కలిసి దాన్ని మళ్లీ తయారు చేస్తాయన్నా. ప్రతి పెళ్లినీ ముక్కలు చేసి నాలుగింట్లోనూ రాస్తుంది."

"రెండు పోతే?"

"అప్పుడు పోయినట్టే."

కొట్టువాడు నా వైపు గుర్రుగా చూశాడు. యోగానందన్న మాత్రం తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ఇదే కట్టియ్యప్పా" అన్నాడు.

డిస్కు మార్చడం ఎంత సులువో తిరుపతికొచ్చాక నేనే చూపించాను. పిడి పట్టి లాగితే, బీరువా సొరుగులాగా డిస్కు చేతిలోకి వచ్చేస్తుంది. ఆయనకు అది ఎంతో నచ్చింది.

శ్రావణంలో ముహూర్తాలు ఊపిరాడనివ్వలేదు. కెమెరా టేపులు చాలక, తీసిన పెళ్లిని పెట్టెలోకి ఎక్కించగానే ఆ టేపును వెనక్కి తిప్పి దానిమీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లు. క్యాసెట్ల కాలం నుంచీ అక్కడి పద్ధతే అది. అట్లా ఆ పెళ్లిళ్లన్నీ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయాయి.

వాటిలో పలమనేరు దొరస్వామి కూతురు మహిత పెళ్లి కూడా ఉంది. పెళ్లికి వారం ముందు దొరస్వామి పాడి గొడ్ల కొట్టంలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని మంచానికి అతుక్కుపోతే, కన్యాదానం ఆయన తమ్ముడు చేశాడు. దొరస్వామి రోజు మార్చి రోజు ఫోన్ చేసేవాడు.

"ఏమబ్బా, నా బిడ్డ పెండ్లి ఇంగా అయిపోలేదా? అల్లుడొచ్చి రెండు కోళ్లు తిని గూడా పోయినాడు. పెండ్లి మాత్రం నేనింగా సూడలేదు."

"వస్తాదప్పా, దసరా దాటినాక వస్తాది" అనేవాడు యోగానందన్న.

ఆయుధపూజ రోజు పాపకు జ్వరంగా ఉంటే నేను వెళ్లలేదు. విజయదశమి మరునాడు సాయంత్రం వెళ్లేసరికి, పెట్టె ఆగకుండా కూతపెడుతోంది. ధనశేఖర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ప్రశాంతి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒక్క పెళ్లీ కనిపించడం లేదు. కొత్త డిస్కులు కనబడుతున్నాయి, వీటిని శుభ్రం చేసి మొదటినుంచి సిద్ధం చేయమంటారా అని తెర మీద అడుగుతోంది.

జరిగింది ఇది. కెమెరాలు, లైట్లు, స్టాండ్లు, ఆల్బం కత్తెరలు అన్నింటినీ తుడిచి బొట్లు పెట్టిన యోగానందన్న, పెట్టెను కూడా ఆపి డిస్కులు బయటికి లాగాడు. "పనిచేసేది లోపలుండేటివి గదా, పైన డబ్బాకు పెడితే ఏమొస్తాది?" అన్నాడట. నాలుగింటికీ పసుపు పూసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి, మళ్లీ చేతికందినట్టు అరల్లోకి తోసేశాడు. ఆ రకం పెట్టెకు డిస్కుల వరుస ముఖ్యం. ఏ ముక్క ఏ అరలో ఉందో ఆ లెక్కన చదువుతుంది. వరుస తప్పితే దానికి అంతా అయోమయమే.

"నేనే చేసినాను," అన్నాడు యోగానందన్న.

ఫోను మోగింది. దొరస్వామి. "దసరా దాటిపాయె గదబ్బా."

"అయిపోతా ఉండాదప్పా," అన్నాడాయన గోడకేసి తిరిగి.

ఒక్కో వరుసా మార్చి చూద్దామన్నాను నేను. తప్పు వరుసలో ఉండగా పెట్టె తనంతట తాను సరిదిద్దడానికి పూనుకుంటే, ఉన్నది కూడా చెరిగిపోతుందని తెలుసు. తెలిసీ, తెర అడిగినదానికి ఏదో ఒకటి చెప్పేద్దామని మౌసు మీద చేయి వేశాను. రెండు రోజులుగా పాప జ్వరంతో నిద్ర లేదు. ఈ పని ఇప్పుడే తేలిపోవాలి, తేలితే ఇంటికి వెళ్లాలి, అంతే.

యోగానందన్న వంగి పెట్టె స్విచ్చి ఆపేశాడు. కూత ఆగింది.

"లెయ్. ఇంటికి పో."

"అన్నా, ఆ దొరస్వామిగారు..."

"రెండు నెల్లు మంచంలో ఉండేటోడు ఒక రాత్రి ఆగలేడా? పో అమ్మణ్ణీ. ధనా, నువ్వు గూడా."

పొద్దున వెళ్లేసరికి ధనశేఖర్ ఒక గృహప్రవేశం తీయడానికి కెమెరా సర్దుకుంటున్నాడు. అలవాటుగా టేపు వెనక్కి తిప్పుతున్నాడు. ప్రశాంతి టీ తాగుతూ, "రేయ్, దాంట్లో మన పూజ ఉండాది గదా? అన్న పంచెలో పెండ్లికొడుకు మాదిరి ఉన్నాడు, చెరపొద్దురా" అంది.

కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న యోగానందన్న లేచి కూర్చున్నాడు. "ఆపు. ఆపురా."

ఆ టేపును టీవీలో వేశాం. పైఅర నుంచి కిందికి ఒక్కొక్క డిస్కే లాగి, అరిటాకు మీద ఎడమ నుంచి కుడికి పేర్చుతున్నాడు యోగానందన్న. "అన్నా, ఇట్ల సూడు, నవ్వు" అని ధనశేఖర్ గొంతు. తర్వాత బొట్లు. మొదటిదానికి కుంకుమ నీళ్లగా ఉండి కిందికి కారింది. రెండోదాని బొట్టు బొటనవేలు తగిలి సగం చెరిగింది. మూడోదానికి ఒక అక్షింత అంటుకుంది. నాలుగోది గుండ్రంగా, చక్కగా కుదిరింది. హారతయ్యాక నాలుగింటినీ కట్టెల్లాగా రెండు చేతులతో ఎత్తుకున్నాడు. వరుస అక్కడ పోయింది.

డిస్కులు లాగి చూశాను. బొట్లు ఎండి అట్లాగే ఉన్నాయి. కారినది, చెరిగినది, అక్షింతది, గుండ్రనిది. ఆ వరుసలో పెట్టి స్విచ్చి వేశాను. కూత రాలేదు. కాసేపటికి ప్రశాంతి తెరలో పలమనేరు పెళ్లి కనిపించింది. మహిత తలవంచుకుని పీటల మీద కూర్చుని ఉంది.

ఎవరూ సంతోషంగా అరవలేదు. అంత ఓపిక లేదు. యోగానందన్న అదే కుర్చీలో మళ్లీ కళ్లు మూసుకున్నాడు. నేను డిస్కుల పిడుల మీద పెయింటుతో అంకెలు వేశాను. పెళ్లింటివాళ్లు సీడీ చూసేదాకా టేపు చెరపకూడదని ఆ రోజు నుంచీ నియమం పెట్టుకున్నాం. రిచీ స్ట్రీట్‌లో ఆయన అడిగినదానికి అసలు జవాబు అదేనేమో.

సీడీ పలమనేరు బస్సులో పంపాం. రెండు రోజులకు దొరస్వామి ఫోన్.

"సూసినానబ్బా. రెండుసార్లు సూసినాను. మా తమ్మునికి కన్యాదానం చేసేది గూడా రాదు. నీళ్లు బిడ్డ చేతిలో పోయమంటే పీట మీద పోసినాడు. నేనుండి ఉంటే..." అన్నాడు. తర్వాత, "బిడ్డ బాగుండాది," అని పెట్టేశాడు.

నాకు ఒక సందేహం మిగిలిపోయింది. ఆ సాయంత్రం పెట్టె ఎందుకు ఆపావని కార్తీకంలో ఇంకో రెండు డిస్కులు చేరుస్తున్నప్పుడు అడిగాను. లోపల ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు గదా.

"పెట్టె సంగతి నాకేం తెలుసమ్మణ్ణీ. నీ మొగం సూసి ఆపినాను," అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటనే ఇప్పుడు పాటిస్తున్నాను. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. దాని దగ్గు తగ్గక నేను ఏడుస్తూ కూర్చున్న సాయంత్రాల్లో బడి మాన్పించేద్దామా, నువ్వు ఉద్యోగం వదిలేస్తావా, డాక్టరును మారుద్దామా అని అడుగుతుంటాడు మా ఆయన. నేను ఏదీ తేల్చను. అన్నం వడ్డిస్తాను. ఆ రోజు యోగానందన్న అన్న మాట ఇది:

"ఒళ్లలిసినప్పుడు ఎవురేమడిగినా అవుననొద్దు, కాదనొద్దు. అన్నం తిని పండుకో. పొద్దున్నే సూద్దాం."