గుండు చేయించుకున్న రైడర్

ఆడపిల్లల కబడ్డీ పోటీకి మా రాజపాళయం బడి జట్టును నేనే తీసుకెళ్లాను. మా రైడర్ అంతకు వారం ముందే మారియమ్మకు మొక్కుకుని గుండు చేయించుకుంది. ఆటలో ఒంటి మీద నగలు ఉండకూడదని కమ్మలు నేనే తీయించాను. ఆమె ఒక్క కూతలో ముగ్గురిని అవుట్ చేయగానే అవతలి జట్టు మాస్టరు లేచాడు.

"అది ఆడబిడ్డ కాదు, మొగబిడ్డ. సర్టిఫికెట్ చూపించండి."

ఆడపిల్లల పోటీలో ఆడపిల్లలే ఆడాలన్న నియమంతో నాకు పేచీ లేదు. జనన ధ్రువపత్రం చూపించాను. ఆయన తిరగేసి మరగేసి చూసి, ఆ పిల్లతో ఒక్క మాటైనా అనకుండా కూర్చున్నాడు. మేం గెలిచాం.

తిరుగు బస్సులో ఆమె గుండు తడుముకుంటూ అడిగింది.

"నేను ఓడిపోయింటే సర్టిఫికెట్ అడిగింటారా, టీచర్?"